ఎండపొద్దు వంతు

రాత్రి జాగారం ఎవడైనా చేస్తాడు. చీకట్లో దయ్యాల భయం ఉంటుంది, చలి ఉంటుంది, పక్కవాడు గిల్లుతూ ఉంటాడు. అసలు కష్టం పగటి జాగారం. ఫాల్గుణమాసపు ఎండలో, నేతిలో ముంచిన భక్ష్యాలు కడుపు నిండా తిని, పందిరి నీడన కూర్చుని, కళ్ళు తెరిచి భగవంతుణ్ణి తలుచుకోవడం మునులకు కూడా చేతనయ్యే పని కాదు. మా ఊరి సప్తాహంలో ఐదో రోజు ఆ వంతు దేవన్న ఇంటిది.

ఎడపల్లి నుంచి బండిబాట పట్టి చెరకు తోటలు దాటితే మా ఊరు. ఏటా ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు హరినామం తెగకుండా సాగాలి. వంతుకో ఇల్లు. ఇంటివాళ్ళలో ఒకరు నామం అందుకుంటారు, ఒకరు పెద్ద తాళాలు కొడతారు. గొంతు మార్చుకోవచ్చు, దగ్గొస్తే నామం ఆపొచ్చు, తాళం మాత్రం ఆగకూడదు. వంతు మారేటప్పుడు కూడా పోయేవాడి ఆఖరి దెబ్బ మీదే వచ్చేవాడి మొదటి దెబ్బ పడాలి. తాళం తెగితే ఊరికి ఏడాది తెగినట్టే.

పోయిన సప్తాహంలో తెగింది. తెగిందని హన్మండ్లు అన్నాడు, భజనకు పెద్ద ఆయనే కాబట్టి ఆయన అన్నాక తెగినట్టే లెక్క. ఎండపొద్దు పందిరి పక్కనుంచి పోతుంటే తాళం వినపడలేదట. తొంగి చూస్తే దేవన్న గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉందట.

"కన్ను మూసిన, అది నిజమే. చెయ్యి ఆపలే," అన్నాడు దేవన్న.

"కన్ను మూసినోనికి చెయ్యి ఆగిందో లేదో ఎట్ల ఎరుక?" అన్నాడు హన్మండ్లు.

హన్మండ్లు అంజవ్వకు స్వయానా అన్న, అంజవ్వ దేవన్నకు పెళ్ళాం. బావ నోటినుంచి వచ్చిన మాట కాబట్టి పరాయివాడి మాట కన్నా లోతుగా దిగింది. ఆ ఏడాది ఊళ్ళో చెరకుకు ఎర్రకుళ్ళు తగిలితే దేవన్న తాళమే. ఫ్యాక్టరీ నుంచి కోతకు పిలుపు ఆలస్యమై నిలువుపాటున చెరకు పూత పూస్తే దేవన్న తాళమే. బోధన్ బస్సు మోరీలో దిగబడ్డా, రెంజల్ నుంచి తెచ్చిన బర్రె తన్ని పాలియ్యకపోయినా దేవన్న తాళమే. కుక్క కరిచినవాడు కూడా ముందు కుక్కను తిట్టి తరవాత దేవన్నను తిట్టేవాడు.

మళ్ళీ సప్తాహం దగ్గర పడుతుంటే హన్మండ్లు కబురు పంపాడు: ఈసారి ఎండపొద్దు వంతు వేరే ఇంటికి. ఆ వంతు దేవన్న తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి దేవన్నకు వచ్చింది. పొలం పంపకాల్లో తమ్ముళ్ళకు నీటిపారుదల మళ్ళు వదిలేసి, తాళాలూ వంతూ చాలన్నవాడు దేవన్న. ఇప్పుడు మళ్ళూ లేవు, వంతూ లేదు.

ఆ వారమే ఫ్యాక్టరీకి చెరకు బండి తోలుకుపోయి, బండ్ల వరుస కదలక, బోధన్ బస్టాండు దగ్గర జయరాజ్ రేడియో దుకాణంలో కూర్చున్నాడు. జయరాజ్ మెథడిస్టు గుడిలో మైకులు బిగించేవాడు. రేడియోలు బాగుచేయడంలో మంచి చెయ్యి, ఇచ్చిన రోజుకు తిరిగి ఇవ్వడంలో చెడ్డ నాలుక. దుకాణంలో పెద్ద రేడియో ఒకటి భజన పాడుతోంది. దాని ముఖాన పచ్చటి కన్నొకటి, తాళం పడ్డప్పుడల్లా ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంటోంది.

దేవన్న చాలాసేపు దాని కంట్లోకే చూశాడు.

"తమ్మీ, గిది తాళం ఇంటున్నదా?"

"తాళం గాదన్నా, చప్పుడు. చప్పుడు పెద్దగైతె కన్ను మూస్తది."

"అంటె నా అసుంటిదే. కన్ను మూస్తది గని ఇంటది." దేవన్న ఇంకా దగ్గరికి జరిగాడు. "చప్పుడు ఆగితె చెప్తదా?"

"చెప్పేటట్టు చెయ్యొచ్చు."

"చెయ్యి. మనిషి చెప్పే గవాయి మా బావ నమ్మడు. ఇనుము చెప్తె నమ్ముతడు."

జయరాజ్ చేతికి అప్పుడు పెద్ద పనేం లేదు. పాత పెట్టె ఒకటి తీసి, మూడేసి కాళ్ళ ట్రాన్సిస్టర్లు, చుట్టలు, టార్చిలైటు బల్బు ఒకటి అందులో అమర్చడం మొదలుపెట్టాడు. మొదటి రూపంలో బల్బు అన్నిటికీ వెలిగింది. తాళానికి వెలిగింది, రోడ్డు మీద లారీకి వెలిగింది, వెనక గదిలో అతని తల్లి జ్ఞానమ్మ దగ్గుకు అన్నిటికన్నా బాగా వెలిగింది. అప్పుడు లావు చప్పుడును బయటే ఆపి, లోహం మీద లోహం తగిలిన సన్న చప్పుడును మాత్రం లోపలికి వదిలే జల్లెడలాంటిది పెట్టాడు. దేవన్న చేతి వెండి కడియాన్ని బల్ల అంచుకు తాకిస్తే బల్బు టక్కున వెలిగింది. గొంతెత్తి అరిస్తే వెలగలేదు.

"బాగున్నది. అరిచేటోని మాట ఇంటలేదు. మా ఊళ్ళె గిసుంటిదే గావాలె," అన్నాడు దేవన్న.

మిగిలింది గంట. జయరాజ్ దాన్ని ఓటికుండ లెక్కన చెప్పాడు. "తాళం పడ్డప్పుడల్లా కుండల చెంబెడు నీళ్ళు పడ్డట్టు అనుకో అన్నా. అడుగున చిల్లి ఉన్నది. తాళం పడుతున్నంత సేపు కుండ నిండుతనే ఉంటది. ఆగిందనుకో, నీళ్ళు కారిపోయి కుండ ఖాళీ. ఖాళీ అయితె సుత్తె లేసి గంట కొడతది. మళ్ళ తాళం పడేదాంక ఊకోదు."

"చిల్లి ఎంత పెద్దది?"

"గీ మర తిప్పితె పెద్దగైతది, చిన్నగైతది. దీని ఓపిక అనుకో."

ఆఫీసుల్లో మోగేలాంటి గంటను దుకాణం చూరుకు వీధివైపు వేలాడగట్టి, మైకు లోపలి గదిలో పెట్టి చూశారు. దేవన్న తాళం కొట్టినంతసేపూ గంట ఊరుకుంది. ఆపగానే రిక్షావాళ్ళు ఉలిక్కిపడేలా ఆగకుండా మోగింది. మళ్ళీ కొట్టగానే ఆగింది.

జ్ఞానమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బిడ్డా, గిట్లాంటిది మన గుడికి గూడ ఒకటి చెయ్యి. ప్రసంగం నడుస్తుంటె నిద్రపోయేటోళ్ళకు."

"అప్పుడు ప్రసంగం ఇనపడదే అవ్వా, గంటనే ఇనపడతది."

యంత్రం సంగతి విని ఊరు రెండు రోజులు నవ్వి, మూడో రోజు చూడ్డానికి వచ్చింది. హన్మండ్లు కాదనలేకపోయాడు. కాదంటే, దేవన్నకు భయపడ్డాడంటారు. దేవన్న వంతు దేవన్నకే వదిలి, యంత్రం అన్ని వంతులూ వినడానికి ఒప్పుకున్నాడు గాని షరతులు పెట్టాడు.

"మిస్త్రీ, కరెంటుకు మతం లేదు, నువ్వు చేసినవని నేను ఏమనను. గని గీ ఆఫీసు గంట దేవుని ముందట మోగొద్దు. దేవుని అర్రల ఇత్తడి గంట ఉన్నది, అది కట్టు. అది గూడ ఎక్కడబడితె అక్కడ గాదు. దేవుని గంట దేవుని ముందటనే ఉండాలె."

దేవుని ముందు ఉన్నది ఒకే ఇనుప పైపు. దానికి అప్పటికే మైకు కట్టి ఉంది. గంట మైకు నెత్తిమీద వేలాడింది.

జయరాజ్ గంటనూ మైకునూ చూశాడు. "ఒక్కసారి కొట్టి చూస్త పటేలా."

"దీపం పెట్టకముందు దేవుని గంట మోగొద్దు," అన్నాడు హన్మండ్లు.

"సరే, దీపం పెట్టినంక చూస్త."

"దీపం పెట్టినంక తాళం మొదలైతది. మొదలైన తాళం ఆగొద్దు. తాళం ఆగకుంట నీ గంట ఎట్ల మోగుతది?"

ఈ మాటకు పందిరి కింద అందరూ తలలూపారు. ఆచారం ఎంత గట్టిదో వాళ్ళకు అప్పుడే మళ్ళీ తెలిసినట్టయింది. జయరాజ్ కూడా తలూపాడు. ఆ గంట అక్కడ ఒక్కసారి కూడా మోగి చూడకుండానే సప్తాహం మొదలైంది.

మొదటి రోజు సాయంత్రం అతను ఊళ్ళోనే ఉన్నాడు. చీకటి పడకముందే ఒక్కొక్క ఇంటి పెద్దా పక్కకు పిలవడం మొదలుపెట్టారు.

"మిస్త్రీ, నాకు భుజం నొప్పి ఉన్నది. జర దాని ఓపిక పెంచు."

"మా నాయిన ముసలోడు, ఒక దెబ్బకు రెండో దెబ్బకు నడుమ ఊపిరి తీసుకుంటడు. జర పెంచు."

జయరాజ్ మెత్తని మనిషి. అందరికీ కాస్త కాస్త తిప్పాడు. అతను బోధన్‌కు బయల్దేరేసరికి యంత్రానికి ఎంత ఓపిక వచ్చిందంటే, అంత ఓపిక ఊళ్ళో కోడళ్ళకు కూడా లేదు.

అంత ఓపిక కూడా హన్మండ్లు తంబాకు ముందు ఓడిపోయింది. రెండో రోజు తెల్లవారుతుండగా ఆయన వంతు. నామం అందుకునే కొడుకు చెంబు పట్టుకుని వాగువైపు పోయాడు. పందిట్లో జనం పలచగా ఉన్నారు. హన్మండ్లు తాళాలు ఒళ్ళో పెట్టుకుని, అరచేతిలో తంబాకు పోసి, సున్నం అద్ది, నింపాదిగా నలిచాడు. పెదవి కింద పెట్టుకోబోతుంటే, 'టంగ్' అని దేవుని గంట మోగింది.

ఒక్కసారే మోగింది. వీధి ఊడుస్తున్న ఆడవాళ్ళు చీపుర్లతోనే వచ్చారు. అంజవ్వ అందరికన్నా ముందు వచ్చింది.

"తెగిందా అన్నా?"

హన్మండ్లు అప్పటికే తాళాలు అందుకున్నాడు. కొడుతూనే తీర్పు చెప్పాడు. "ఎక్కడ తెగింది? గంట ఎవరిది? దేవునిది. నేను ఆపిన కాడ దేవుని గంట పడ్డది. ఇగ నడుమల ఖాళీ ఎక్కడున్నది? గంట గూడ తాళమే."

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇంకా వంతులు రావలసిన ఇళ్ళవాళ్ళే ఎక్కువమంది. న్యాయమే అన్నారు.

"గీ మాట మీదనే ఉంటవా?" అంది అంజవ్వ.

"మాట మార్చే ఇంట్ల పుట్టినమా మనం?" అన్నాడు అన్న.

ఐదో రోజు దేవన్న వంతు. కొత్త సెల్లులు వేయడానికి జయరాజ్ పొద్దున్నే వచ్చాడు. పటేల్ వంతులో గంట ఒక్కసారే మోగిందని విని, ఆయన వెంటనే తాళం అందుకుని ఉంటాడనుకున్నాడు. దేవన్న అతన్ని పక్కకు పిలిచాడు. ఇతనూ భుజం నొప్పే చెప్తాడనుకుని జయరాజ్ మర మీద చెయ్యి వేశాడు.

"పెంచమంటవా అన్నా?"

"తగ్గియ్యి. ఆఖరుదాంక తగ్గియ్యి. నా చెయ్యి ఒక్క దెబ్బ తప్పినా మోగాలె. మోగలేదంటె మల్ల ఎవ్వడు నోరెత్తొద్దు."

"అన్నా, ఎండపొద్దు. జర ఉండనియ్యరాదే."

"ఇజ్జత్ కొరకు పెట్టిన మిషన్‌కు దయ ఎందుకు తమ్మీ? తగ్గియ్యి."

జయరాజ్ చివరిదాకా తిప్పాడు. ఇప్పుడు యంత్రం ఒక తాళానికీ ఇంకో తాళానికీ మధ్య పట్టే సమయానికి రవ్వంత మాత్రమే ఎక్కువ ఓర్చుకుంటుంది.

మధ్యాహ్నం భోజనాలు. ఆ రోజు వంట రామ్‌దాస్ ఇంటివాళ్ళది, వాళ్ళు నెయ్యి దగ్గర చెయ్యి బిగపట్టరు. వద్దు వద్దంటూనే దేవన్న తిన్నాడు. అంజవ్వ తింది. జయరాజ్ తిని, పందిరి వెనక చెరకాకు కుప్ప మీద నడుం వాల్చాడు. కరెంటుకు లేనట్టే నిద్రకూ మతం లేదు.

దేవన్న తాళాలు అందుకున్నాడు. అంజవ్వ నామం ఎత్తుకుంది. దెబ్బ పడ్డప్పుడల్లా బల్బు వెలిగి ఆరుతోంది. చెరకు బండ్లు లేవు, గాలి లేదు. పందిట్లో మిగిలిన నలుగురూ ఒక్కొక్కరే స్తంభాలకు ఆనుకున్నారు. అంజవ్వ నామం ముందు సన్నబడింది, తరవాత సగమైంది, తరవాత పెదవుల మీదే ఆగింది. దేవన్న బల్బును చూస్తూ మెలకువగా ఉందామనుకున్నాడు. వెలుగుతూ ఆరుతూ ఉన్నదాన్ని కడుపు నిండిన మనిషి చూస్తూ కూర్చుంటే ఏమవుతుందో ఉయ్యాలలూపిన ఏ తల్లినడిగినా చెబుతుంది.

ఊళ్ళో మంచాల మీద వాలినవాళ్ళకు తాళం నిమ్మళంగా వినిపిస్తూనే ఉంది. టంగ్. టంగ్. టంగ్.

"ఇయ్యాల దేవన్న చెయ్యి ఎంత సక్కగ పడుతున్నదే," అంది ఒక ముసలమ్మ.

హన్మండ్లు మాత్రం మంచంమీద అటూ ఇటూ దొర్లాడు. దేవన్న తాళం ఆయనకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. పొద్దుగూకి ఇంటిముఖం పట్టిన ఎద్దులా అది ఉండి ఉండి ఉరుకుతుంది. ఇవాళ ఉరకడం లేదు. మనిషి అన్నవాడు ఇంత సమంగా కొట్టడు. లేచి, చెప్పులు చేతబట్టుకుని పందిరికి పోయాడు.

దేవన్న గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంది. తాళాలు ఒళ్ళో ఉన్నాయి. అంజవ్వ నోరు తెరిచి నిద్రపోతోంది. మిగతా వాళ్ళు స్తంభాలను కౌగలించుకుని ఉన్నారు. ఇనుప పైపు మీద సుత్తె లేస్తోంది, గంటను కొడుతోంది. బల్బు వెలుగుతోంది. సుత్తె కాసేపు ఆగుతోంది. మళ్ళీ లేస్తోంది.

"తెగింది!" అని అరిచాడు హన్మండ్లు. "ఊరోళ్ళు రాండ్రి! దేవిగాడు మళ్ళ తాళం తెంపిండు!"

ఊరంతా వచ్చింది. దేవన్న కళ్ళు తెరిచి ముందు బావను చూశాడు, తరవాత ఒళ్ళో తాళాలను చూశాడు. ఏడాదిగా మోసినదంతా మళ్ళీ నెత్తికెక్కింది. చెవి పైపు వైపు తిప్పాడు.

"ఇను బావా," అన్నాడు మెల్లగా.

టంగ్.

జనం విన్నారు. టంగ్. ఎవరూ తాళాలు ముట్టలేదు. ముడితే ఏమవుతుందో, ఏ తప్పు ఎవరి మీద పడుతుందో తెలియదు.

చెరకాకు జుట్టులో పట్టుకుని జయరాజ్ పరిగెత్తుకొచ్చాడు. ఒక్క నిమిషం చూసి తల పట్టుకున్నాడు. "మైకు మీదనే గంట కట్టించిండ్రు గద పటేలా. తాళం ఆగింది, కుండ ఖాళీ అయింది, గంట కొట్టింది. గంట చప్పుడు మైకు ఇన్నది, తాళమే అనుకున్నది, కుండ నింపుకున్నది. మళ్ళ ఖాళీ అయింది, మళ్ళ కొట్టింది. దాని గంట అదే ఇనుకుంట అదే కొట్టుకుంటున్నది."

"ఎప్పటిసంది?"

"ఎవరికెరుక? మేల్కొని ఉన్నది అదొక్కటే."

"అయితే తెగినట్టే గద!" అన్నాడు హన్మండ్లు. "కొట్టింది మనిషి గాదు."

అప్పుడు అంజవ్వ లేచి కొంగు సర్దుకుంది. నిద్రమత్తు పూర్తిగా వదలకపోయినా నోరు మేలుకుంది. "అన్నా, తంబాకు నలిచిన నాడు ఏమంటివి? గంట గూడ తాళమే అంటివి. నీకొక్కటే గంట పడ్డది, దాన్ని తాళమన్నవు. నా పెనిమిటికి భోజనాల కాడి సంది పడ్డయి. అన్ని తాళాలు ఎవని వంతుల పడ్డయి చెప్పు?"

జనంలో ఒకడు నవ్వాడు. ఇంకొకడు అందుకున్నాడు. హన్మండ్లు ఊరివైపు చూశాడు. అటు ఒప్పుకుంటే దేవన్న గెలుస్తాడు. కాదంటే ముందు తెగింది తన చేతిలోనే. ఆయన తెలివైనవాడు, తువ్వాలతో ముఖం తుడుచుకునేంత సేపట్లో తేల్చేశాడు.

"తెగలే. దేవన్న వంతు సక్కగ నడిచింది."

దేవన్నకు కుంకుమ పెట్టారు. హన్మండ్లే తన తలపాగా రుమాలు తీసి బావమరిది తలకు చుట్టాడు. ఆ ఏడాది చెరకు బాగా ఎదిగింది. ఎదగడానికి కారణాలు వేరే ఉన్నాయి గాని, దేవన్న తాళమే అన్నారు. రెంజల్ బర్రె కూడా పాలిచ్చింది. దేవన్న వీధిలో పోతుంటే అరుగుల మీద వాళ్ళు చోటిచ్చేవాళ్ళు. ఏడాది పొడుగునా నోరు విప్పకుండా నవ్వుతూ తిరిగాడు.

మళ్ళీ సప్తాహం వచ్చింది. వంతులు చెప్పడానికి కూర్చున్నప్పుడు హన్మండ్లు గొంతు సవరించుకున్నాడు.

"ఎండపొద్దు వంతు మిషన్‌కు ఇద్దాం. నిరుడు అది కొట్టినంత సక్కగ మన తాతలు గూడ కొట్టలే. ఇంటికిద్దరు ఎండల కూసొని కునికిపాట్లు పడుడు ఎందుకు?"

అందరూ సంతోషించారు. దేవన్న లేచి నిలబడ్డాడు.

"మరి నా వంతు బావా?"

"నీ వంతు నీదే, ఎవడు గుంజుకుంటుండు? మిషన్ కాడ నువ్వే కూసో. సెల్లులు అయిపోతె మార్చు. కోతులు రాకుంట చూడు. నిద్రపోకు మరి, అది నడుస్తున్నదో లేదో ఒకడు చూడాలె గద."

"తాళాలు?"

"తాళాలు నీకెందుకు? నువ్వు కొడితె అది ఊకుంటది. ఒక వంతుల ఇద్దరు ఏం చేస్తరు?"

ఇజ్జత్ దక్కినవాడు గొడవ పెట్టుకోలేడు. దేవన్న కూర్చున్నాడు.

ఆ ఎండపొద్దు భక్ష్యాలు ముట్టకుండా పందిట్లో కూర్చున్నాడు. చేతిలో ఏమీ లేదు, కాబట్టి నిద్ర కూడా లేదు. గంట తనంతట తాను మోగుతోంది. ఉరకదు, ఆగదు. ఊరంతా నిశ్చింతగా నిద్రపోతోంది. అంజవ్వ పక్కన కూర్చుని విసనకర్ర విసురుతోంది.

"మీ నాయిన గిట్లనే కొట్టేటోడా?" అని అడిగింది.

"గిట్ల కాదు. ఎట్లనంటె..."

నోటితో చెప్పలేక పైపు మీద చెయ్యి వేశాడు. మణికట్టు కడియం ఇనుముకు సన్నగా తగిలింది. బల్బు వెలిగింది. మళ్ళీ తాకించాడు, మళ్ళీ వెలిగింది. ఉండి ఉండి ఉరుకుతూ, నామం తిరిగేచోట కాస్త నిలుస్తూ, తండ్రి తాళం మణికట్టులోంచి దానంతటదే దిగింది. అంజవ్వ విసనకర్ర కింద పెట్టి, మెల్లగా, ఇద్దరికే వినపడేలా నామం ఎత్తుకుంది. బల్బు కడియం వెంటే నడిచింది. కుండ నిండుతూనే ఉంది. నెత్తిమీద గంటకు మోగవలసిన పని లేకపోయింది.

ఊళ్ళో మంచాల మీద ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. ఏ చప్పుడుకు నిద్రపోయారో ఆ చప్పుడు లేదు. తలుపులు తెరుచుకున్నాయి. అందరికన్నా ముందు హన్మండ్లు, పంచె ఒక చేత్తో పట్టుకుని పందిరి వైపు ఉరికొచ్చాడు.

"తెగింది! తాళం తెగింది! ఎవని వంతు?"

ఎవడి వంతో అందరికీ తెలుసు. దేవన్న తల తిప్పలేదు, చెయ్యి ఆపలేదు.

"ఇను బావా," అన్నాడు.

"ఏం ఇనాలె! ముందు నీ చెయ్యి ఆపుర దేవిగా!" హన్మండ్లు రొప్పుతూ పైపు పట్టుకున్నాడు. "నువ్వు ఆపితెనే తాళం పడుతది!"